చివర ఎవరండీ

నెవ్యానా మా ఆఫీసులో చేరిన రోజే నేను ముఖం ముడుచుకున్నాను. పాతికేళ్లు బడిలో లెక్కలు చెప్పిన మనిషి యాభై దాటాక ప్రోగ్రాములు రాస్తానంటే, రూసే ఊళ్లో ఆవిడకి మేమే దొరికామా అనిపించింది. కొన్నాళ్లకే ఆవిడ రాసేది నాకంటే శుభ్రంగా ఉంటోందని తెలిసింది. అది ఇంకా ఒళ్లు మండించింది.

ఆవిడకి అప్పజెప్పిన మొదటి సొంత పని ఒక వృద్ధాశ్రమానిది. మంచం పక్కనున్న బటన్ నొక్కితే నర్సుల గదిలో దీపం వెలగాలి. గదుల్లో వేడి ఎంతుందో కూడా ఆ ప్రోగ్రామే రాసుకుంటూ పోవాలి. పిలుపు అందించడానికి ఒక థ్రెడ్డు, అంటే ప్రోగ్రాములో విడిగా నడిచే పనివాడు, వేడి చూడ్డానికి ఇంకోటి. రెండూ రాసేది ఒక్క చోటే, దానికి ఒకటే తాళం. తాళం దొరికినవాడు లోపలికి వెళ్లి రాస్తాడు, రెండోవాడు బయట ఆగుతాడు.

ఆశ్రమంలో పెట్టాక గొడవ మొదలైంది. ముసలివాళ్లు బటన్ నొక్కుతున్నారు, దీపం ఎప్పటికో గానీ వెలగడం లేదు. అక్కడి కంప్యూటర్ లినక్స్‌ది. మా యజమాని గాలిన్ దగ్గరున్న విండోస్‌లో ఓసారి వెలిగేది, ఓసారి మొరాయించేది. నెవ్యానా వాడేది కూతురు వదిలేసిన పాత ఆపిల్ లాప్‌టాప్. దాంట్లో మాత్రం ఎప్పుడు నొక్కినా వెలుగుతుంది.

"నా దగ్గర బాగానే ఉందిగా," అంది ఆవిడ.

"అయితే మీ లాప్‌టాప్‌ని ఆశ్రమానికి దానం చేసేద్దాం టీచరుగారూ," అన్నాను.

గాలిన్ నవ్వలేదు. "సోమవారం వాళ్లు ఆఖరిసారి చూస్తారట. బటన్ పలక్కపోతే అన్నీ విప్పుకుని పొమ్మన్నారు. నెవ్యానా, అప్పుడు మిమ్మల్ని ఉంచుకోవడం నావల్ల కాదు."

ఆవిడ తలొంచుకుని కళ్లద్దాలు తుడుచుకుంది. ఆ వయసులో ఇంకో ఉద్యోగం దొరకదని ముగ్గురికీ తెలుసు.

శుక్రవారం నా నడుం పట్టేసింది. పాలీక్లినిక్‌కి బయల్దేరితే ఆవిడ లాప్‌టాప్ చంకన పెట్టుకుని వెంటపడింది.

"ఎలాగూ అక్కడ కూర్చోవాలిగా. కూర్చున్నచోటే ఇది కూడా చూడు."

కారిడార్‌లో అడుగు పెడుతూనే అలవాటుగా, "చివర ఎవరండీ?" అని అడిగాను. ఆకుపచ్చ టోపీ పెద్దాయన చెయ్యెత్తాడు. ఇక ఆయన వెనక నేను, అంతే, చీటీలతో పనిలేదు. బెంచీ మీద చేరగిలబడి నెవ్యానా రాసింది చదువుతూ చదువుతూ కునుకు తీశాను.

ఆవిడ మోచేత్తో పొడిచింది. "లే, నీ వంతు."

టోపీ పెద్దాయన బయటికొచ్చాడు. నేను నడుం పట్టుకుని లేచేలోపు, "అన్నట్టు డాక్టరమ్మా, ఇంకొక్క మాట," అంటూ ఆయనే మళ్లీ లోపలికి దూరాడు. తలుపు పడింది. మళ్లీ వచ్చాడు, నేను రెండడుగులు వేసేసరికి భార్య మాత్రలు గుర్తొచ్చాయట, మళ్లీ దూరాడు. ఈసారి బయటికి రాగానే అరిచాను.

"ఏమయ్యా, లోపలే కాపురం పెడతావా?"

"ఊరికే ఒకటి అడగడానికే బాబూ," అని ముచ్చటగా మూడోసారీ వెళ్లిపోయాడు.

ఒళ్లు తెలియని కోపంతో నెవ్యానా వైపు తిరిగాను. ఆవిడ తలుపునే చూస్తోంది.

"వంతు నీదే కదా లూబెన్. మరి ఆయనెలా వెళ్తున్నాడు?"

"ఆయన గుమ్మంలోనే ఉన్నాడు గనక. నేను నిద్రలేచి, నడుం పట్టుకుని, అక్కడికి చేరేసరికి..."

మా ప్రోగ్రాములోనూ ఇదే జరుగుతోంది. బెంచీ మీద కూలబడ్డాను.

వేడి చూసే థ్రెడ్డు తాళం వదలగానే మళ్లీ అడుగుతోంది. పిలుపు థ్రెడ్డు నిద్రలో ఉంది. దాన్ని లేపి తెచ్చేలోపు గుమ్మంలో ఉన్నవాడే మళ్లీ దూరుతున్నాడు. లినక్స్ అడ్డు చెప్పదు, గది ఖాళీగా ఉండకూడదు, ఎవరు దగ్గరుంటే వాళ్లు పోవచ్చు అంటుంది. అలాగైతే పని చురుగ్గా సాగుతుంది మరి. విండోస్ కూడా ఒకప్పుడు వరుస పాటించి, ఆ చురుకు కోసమే మానేసింది. బయటికొచ్చినవాణ్ణి వరుస చివరికి పంపే పాత మర్యాద ఆవిడ లాప్‌టాప్‌లో మిగిలి ఉంది. కొత్త ఆపిల్‌లో అదీ లేదు. ఇదంతా ఆవిడకి చెప్పాను.

"అయితే నేను రాసింది తప్పు కాదన్నమాట," అంది ఆశగా.

"తప్పే. వరుస ఉంటుందని మీకెవరూ మాటివ్వలేదు. మీరే ఉందనుకున్నారు."

ఆవిడ లాప్‌టాప్ ఒళ్లోకి లాక్కుంది. "అయితే ఈ థ్రెడ్లచేత మనమే అడిగిద్దాం, చివర ఎవరండీ అని. బయటికొచ్చినవాడు కూడా మళ్లీ అడిగే నిలబడాలి."

"పని నెమ్మదిస్తుంది."

"గది వేడి కాస్త ఆలస్యంగా రాసుకుంటే కొంపలేం మునగవు."

ఆ బెంచీ మీదే మొదలుపెట్టాం. ఈలోగా నా వంతు ఎటు పోయిందో తెలీదు, డాక్టర్ని చూడకుండానే వచ్చేశాను.

సోమవారం ముగ్గురం ఆశ్రమానికి వెళ్లాం. పెద్ద నర్సు మమ్మల్ని నేరుగా స్తోయ్నా మామ్మ గదికి తీసుకెళ్లింది. మంచం దిగలేని మనిషి. బటన్ దిండు పక్కనే ఉంది, ఆవిడ చేతిలో మాత్రం ఎనామిల్ కప్పూ చెంచా ఉన్నాయి. ఎవరైనా కావాలంటే కప్పు మీద చెంచాతో వాయిస్తుందట.

"ఒక్కసారి నొక్కండి మామ్మగారూ," అంది నెవ్యానా, బటన్ దగ్గరికి జరిపి.

"ఎందుకమ్మా? మొన్న నొక్కీ నొక్కీ వేలు నొప్పెట్టింది. అది పలకదు."

అయినా నొక్కింది. కారిడార్ చివర్నుంచి చెప్పుల చప్పుడు వినిపించింది. చిన్న నర్సు వచ్చి, "ఏం కావాలి మామ్మా?" అంది.

"ఏం వద్దు. వస్తావో రావోనని."

ఆ పిల్ల అటు వెళ్లగానే మామ్మ మళ్లీ నొక్కింది. పిల్ల మళ్లీ వచ్చింది, ఈసారి కాస్త విసుగ్గా. ఆ విసుగు చూసి మామ్మ ముఖం వెలిగింది. చెంచా నెవ్యానా చేతిలో పెట్టింది.

"ఇది వంటింట్లో ఇచ్చెయ్యి తల్లీ. వాళ్లకి చెంచాలు చాలట్లేదంట."

నాకు కళ్లు చెమర్చాయి, దాచుకోను. గాలిన్ ఆవిడ వైపు తిరిగి, "నెవ్యానా, రేపు పొద్దున్నే రండి, ఉద్యోగం ఖాయం చేసేద్దాం," అన్నాడు.

"అలాగేనండీ. ముందు ఇది ఇచ్చొస్తా," అని ఆవిడ చెంచా పట్టుకుని వంటిల్లు ఎటో అడుగుతూ వెళ్లింది.