మామూలు ఎలుకల బీపీ

అక్షరాలు ఆలస్యంగా పట్టుబడిన చెయ్యి ఇది. తప్పులు కనబడితే దిద్దుకుని చదవండి. నడక నెమ్మదైతే ఓర్చుకోండి.

క్యోటోలో ఒక పరిశోధనశాలలో, పుట్టుకతోనే రక్తపోటు ఉన్న ఎలుకల వంశాన్ని పెంచేవారు. తల్లికీ తండ్రికీ పోటు, పిల్లలకీ పోటు, మనవలకీ పోటు. పోల్చి చూడటానికి పక్క గదిలో మామూలు ఎలుకలుండేవి. వాటి పోటు పెరగకూడదు. పెరిగితే రోగం వంశానిది కాదు, ఆ చోటుదే అంటారు.

ఆ శాలకు పెద్ద సమేజిమా గురువుగారు. కగోషిమా అగ్నిపర్వతం పక్కన పెరిగిన గొంతు ఆయనది. ఆయన రాగానే అందరూ లేచి నడుం వంచాలి. ఆయన ఏదో ఒకటి చూసి కేక వెయ్యాలి. ఆ కేకకు మామూలు ఎలుకల పోటు కూడా చెట్టెక్కి కూర్చునేది. ఈ సంగతి కనిపెట్టిన సహాయకుడు హిరాకి, గురువుగారు కునుకు తీసినప్పుడే కొలతలు తీసుకునేవాడు. ఎందుకని ఆయన అడగలేదు, ఇతను చెప్పలేదు.

ఒకనాడు టోక్యో నుంచి తకెబె అనే పెద్దాయన తనిఖీకి వచ్చాడు. తన కళ్ళ ముందే కొలవాలన్నాడు. ఆయన సరేనంటే హిరాకి ఉద్యోగం ఖాయం. కాదంటే ఇన్నేళ్ళ పనీ గంగపాలు, పెళ్ళాం బిడ్డలతో మామగారి మిఠాయి కొట్టే గతి.

ఎలుకను వెచ్చటి పెట్టెలో పెట్టి, తోకకు పట్టీ చుట్టారు. గురువుగారు దాని నెత్తి మీదికే వంగారు. నూట డెబ్బై!

"ఇది మామూలుదేనా?" అన్నాడు తకెబె.

"మామూలుదేనండీ," అన్నాడు హిరాకి చెమట తుడుచుకుంటూ.

"పట్టీ కట్టడం కూడా రాదట్రా నీకు? ఇంకోటి తియ్!" అని గురువుగారు గర్జించారు. రెండోది నూట ఎనభై.

క్యోటోలో వచ్చినవాళ్ళను పొమ్మని ఎవరూ అనరు. "కాస్త టీ పోసిన అన్నం తింటారా?" అంటారు. మర్యాద తెలిసినవాడు వెంటనే గొడుగు వెతుక్కుంటాడు. లోపల అన్నం ఉండదు, ఉండనక్కర్లేదు. గురువుగారు క్యోటోకొచ్చి ఇరవై ఏళ్ళయినా ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. చెప్పడం కూడా అమర్యాదే కదా!

హిరాకికి మరో దారి తోచలేదు.

"గురువుగారూ, పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నారు. కాస్త టీ పోసిన అన్నం తింటారా?"

"తింటాన్రా! ఇక్కడికే తెప్పించు. ఊరగాయ ముక్కలు మర్చిపోకు," అని గురువుగారు ఎలుకల పక్కనే పీట లాక్కుని చతికిలబడ్డారు.

ఇటు తకెబె టోపీ అందుకున్నాడు. ఆయన అత్తగారిది క్యోటో.

"వెళ్తానండీ. నన్నింత సొంపుగా గెంటినవాళ్ళు ఎవరూ లేరు."

"అయ్యో, మీరు కాదండీ!"

"ఏదిరా అన్నం?" అని అటునుంచి గురువుగారి కేక. పెట్టెలో ఎలుక ఎగిరిపడింది. తకెబె చెయ్యి తలుపు మీద పడింది.

హిరాకి నోట్లోంచి అతని ప్రమేయం లేకుండానే మాట ఊడిపడింది. "గురువుగారూ! మీరు బయటికి పొండి!"

గురువుగారు పీట మీంచి లేచారు. తలుపు దగ్గర తకెబెకు నడుం వంచి మరీ వెళ్ళిపోయారు.

కాసేపాగి కొలిచారు. మామూలు ఎలుకలు నూట ఇరవై దాటలేదు. పక్క గదిలోవి, ఎవరున్నా ఎవరు పోయినా, వాటి నూట తొంభైలోనే ఉన్నాయి. తకెబె తృప్తిగా సంతకం పెట్టాడు.

గురువుగారి పేరు దేశదేశాలా మోగింది. హిరాకి ఉద్యోగమూ ఖాయమైంది. అయితే అది ఉత్తరాన హొక్కైడో దీవి చివర, ఏడాదిలో సగం మంచు కురిసే అబాషిరిలో.

వీడ్కోలు విందులో గురువుగారు లేచారు. "హిరాకి బుద్ధిమంతుడే. ఆ నోటి దురుసే... పాపం, అతని తప్పు కాదు, వంశంలో ఉంది. నేను విచారించాను, వాళ్ళ నాన్న కూడా అంతేనట!"

హిరాకి తండ్రి ఒక బౌద్ధాలయంలో నలభై ఏళ్ళు నోరు మెదపకుండా ఆకులు ఊడ్చిన మనిషి.

"చిత్తం," అన్నాడు హిరాకి, నడుం వంచి.

మత్సుయి షిగె, 73 ఏళ్ళు
ప్రస్తుతం ఒట్సులో, చిన్నమ్మాయి ఇంట్లో