తిరగబడిన గొడుగుల వీధి

ఫోన్లో నేను చెప్పింది "పాత కార్డులు కొన్నాను, సాయంత్రం ఇంటికి తెస్తున్నాను" అని. సరిగ్గా అప్పుడే పక్కన బస్సు హారన్ కొట్టింది. మా ఆవిడకు వినపడింది "పాత కార్లు" అని. నేను ఇల్లు చేరేసరికి గేటు రెక్కలు బార్లా తెరిచి ఉన్నాయి. పూలకుండీలన్నీ గోడెక్కాయి. మా బావమరిది ప్యాంటు పైకి మడిచి, రోడ్డు మధ్యన నిలబడి, వచ్చేపోయే బళ్లను చేత్తో ఆపుతున్నాడు.

"బావా, కార్లేవి?"

సంచీలోంచి కట్ట తీసి చూపించాను.

"ఇంత చిన్నవా!" అన్నాడు.

"బతికించారు. నడపడం రాని మనిషి కార్లెందుకు కొన్నాడా అని మధ్యాహ్నం నుంచీ గుండె దడ" అంది మా ఆవిడ.

"కార్డులైతే మనం నడపక్కర్లేదు, తపాలావాళ్లే నడుపుతారు" అన్నాను. ఎవరూ నవ్వలేదు. మా ఇంట్లో నా జోకులకు దక్కే గౌరవం అదే.

నాది కళ్లద్దాల దుకాణం. ఊళ్లోవాళ్ల చూపు బాగుచేస్తాను. నా చూపు మాత్రం పాత వస్తువుల మీదికే పోతుంది, దానికి ఏ అద్దమూ పనిచేయదు. ఆ పోస్టుకార్డులన్నిటి మీదా మా ఊరి పాత ఫొటోలు అచ్చేసి ఉన్నాయి. కూలిపోయిన సినిమా హాలు, మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ, మెట్లమీద సింహాలున్న హోటలు. ఒక్కోటీ అందరి చేతులూ మారుతుంటే, మా అత్తగారు ఒక కార్డు పట్టుకుని కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"అల్లుడూ, ఇది మా వీధి! అదిగో గడియార స్తంభం. ఇదిగో మా నాన్న గొడుగుల కొట్టు. ఆ పైన కిటికీ నాది."

ఆ వీధిని రోడ్డు వెడల్పు చేయడానికి ఎప్పుడో పడగొట్టారు. ఇప్పుడు గడియార స్తంభం ఒక్కటే మిగిలింది. ఆమె మొహం వెలిగిపోతుంటే నేను నా అంతవాణ్ణి నేనే అనుకున్నాను. అంతలో ఆ వెలుగు తగ్గింది.

"మా కొట్టు కుడి పక్క కదా. గడియారం వైపు నడుస్తుంటే కుడి పక్క. ఇందులో ఎడమ పక్కకెలా పోయింది?"

"కొట్టు ఎక్కడికీ పోలేదమ్మా, నీ జ్ఞాపకమే రోడ్డు దాటింది" అన్నాడు బావమరిది.

అందరం నవ్వాం. ఆమె కూడా నవ్వారు. కానీ కార్డు కింద పెట్టలేదు.

ఊళ్లో పాత వీధుల కమిటీ అని ఒకటుంది. దాని పెద్ద ఒక రిటైరైన డ్రాయింగు మాష్టారు. గీత గీయకుండా మాట కూడా మాట్లాడడని ఆయన్ని స్కేలు మాష్టారు అంటారు. కూలిపోయిన దుకాణాలు ఎక్కడెక్కడ ఉండేవో అక్కడ పేవ్‌మెంటు మీద ఇత్తడి ఫలకాలు దిగ్గొట్టాలని కమిటీ తీర్మానం. గడియారం వీధికి ఆయన దగ్గరున్న ఆధారం కూడా అదే కార్డు. ఎన్ని కాపీలు దొరికినా ఫొటో ఒక్కటే. అన్నిట్లోనూ గొడుగుల కొట్టు ఎడమ పక్కనే, టోపీల కొట్టు కుడి పక్కనే.

అత్తగారిని వెంటబెట్టుకుని వెళ్లి చెప్పించాను.

"అమ్మా, మనిషి మరిచిపోవచ్చు. ఫొటో మరిచిపోదు" అన్నాడాయన, ఎంతో మర్యాదగానే.

"తపాలా కార్డులో తప్పేలా వస్తుందిలెండి" అని నేను కూడా వంత పాడాను. నోరు ఊరుకోదు కదా.

ఆ తర్వాత ఇంట్లో చిన్న చిన్న మార్పులు మొదలయ్యాయి. అత్తగారు కథలు చెప్పడం మానేశారు. ఆమె తండ్రి ఒక పెళ్లికొడుక్కి ఆడవాళ్ల గొడుగు అంటగట్టిన కథ అడిగితే, "ఏమో, అది మా నాన్నో, ఇంకెవరి నాన్నో" అన్నారు. ఒక రోజు మాత్రల డబ్బా తెచ్చి మా ఆవిడ చేతిలో పెట్టారు.

"ఇకనుంచి నువ్వే చూసి ఇవ్వు తల్లీ. పుట్టిన ఇల్లు ఏ పక్కనుందో తెలియనిదాన్ని, ఏ మాత్ర వేసుకున్నానో నాకేం తెలుస్తుంది?"

మా ఆవిడ నావైపు చూసిన చూపుకి నంబరు కట్టే లెన్సు నా దుకాణంలో లేదు. ఇత్తడి ముక్క ఒకటి మా అత్తగారి మీద ఇంత ఒత్తిడి పెడుతుందని నేననుకోలేదు.

ఫలకాలు పెట్టే రోజుకి ముందురోజు ఆమె నా దుకాణానికి వచ్చారు. చేతిలో ఆ కార్డు.

"కళ్లు చూడు బాబూ. లోపం కళ్లలో అయితే బాగుండు."

అక్షరాల బోర్డు చదివించాను. కింది వరుస దాకా చదివేశారు. పాత ఫ్రేము మాత్రం వదులైంది. కొత్తది పెట్టి, కౌంటరు మీది అద్దం ఆమె వైపు తిప్పాను. ముక్కు మీద ఎలా కూర్చుందో చూసుకోవడానికి ఆమె ముందుకు వంగారు. కార్డు గుండెకానించుకునే ఉంది, బొమ్మ బయటికి.

"అల్లుడూ!" అన్నారు. "ఇదే! ఇదే మా వీధి! కొట్టు కుడి పక్కకు వచ్చేసింది!"

పక్కన ఫ్రేములు చూస్తున్నాయన ఉలిక్కిపడి బయటికి చూశాడు, ఏ కొట్టు కదిలిందోనని.

నేను అద్దంలోకి చూశాను. ఆమె చెప్పింది నిజం. కాకపోతే బోర్డుల మీది అక్షరాలన్నీ తిరగబడ్డాయి. అక్కడే నాకు తట్టింది. కార్డు తీసుకుని భూతద్దం కింద పెట్టాను. గొడుగుల బోర్డు, టోపీల బోర్డు, మూలనున్న హోటలు బోర్డు, అన్నీ ఒకే చేతిరాత. గోడమీద రంగు కాదది, ఫొటో మీద సన్న కుంచెతో రాసింది. అద్దంలో చూస్తేగానీ అర్థం కాలేదన్నమాట!

ఇదంతా చెప్పబోతే అత్తగారు మాత్రం నా మాట వినడం లేదు. అద్దంలోకి చూస్తూ తన కిటికీ నుంచి మొదలుపెట్టి ఒక్కో తలుపూ వేలితో తడుముతున్నారు. "ఈ మెట్లమీద మా నాన్న గొడుగులు ఆరబెట్టేవాడు. అవన్నీ ఒకసారి గాలికి లేచి టోపీలాయన మీద పడ్డాయి."

మర్నాడు గడియారం వీధిలో జనం పోగయ్యారు. ఎడమ పేవ్‌మెంటు మీద చెప్పుల షోరూం ముందు గుంట తవ్వి, గొడుగుల కొట్టు ఫలకం పక్కన పెట్టారు. మేస్త్రీ సిమెంటు కలుపుతున్నాడు. అత్తగారు మా దుకాణం అద్దం చంకన పెట్టుకుని నేరుగా స్కేలు మాష్టారు ముందుకు వెళ్లారు.

"మాష్టారూ, ఇందులో చూడండి."

ఆయన ముందు తల దువ్వుకోబోయాడు. తర్వాత కార్డు చూశాడు.

"అద్దం దేన్నైనా తిప్పుతుందమ్మా. అద్దంలోది నిజం, కార్డులోది అబద్ధం అని ఎలా చెప్పడం?"

న్యాయమైన ప్రశ్నే. మా ఆవిడ నా జేబులోంచి భూతద్దం లాక్కుంది.

"టోపీల కొట్టు ముందు ఆ సైకిలు చూడండి. గొలుసు ఏ పక్కనుంది?"

"ఎడమ పక్క."

"కాలేజీకి సైకిలు తొక్కినన్నాళ్లూ నా బట్టలకు కుడి కాలి పక్కనే మసి. ఎడమ పక్క గొలుసున్న సైకిలు ఎక్కడైనా చూశారా?"

జనం మొత్తం తలలు తిప్పి రోడ్డు మీద పోయే సైకిళ్లను చూడడం మొదలుపెట్టారు. ఒక సైకిలాయన భయపడి దిగిపోయాడు.

స్కేలు మాష్టారు చేతిలోని ఫలకాల మ్యాపు మడిచి, మేస్త్రీతో "అవతలి పక్క తవ్వవయ్యా" అన్నాడు. తర్వాత అత్తగారి వైపు తిరిగి చేతులు జోడించాడు.

"అమ్మా, ఫలకం మీరే పెట్టాలి."

"పెడతాను. కానీ కార్డు ఎందుకు తిరగబడిందో వీళ్లందరికీ ఎవరైనా చెప్పండి. లేకపోతే నేనేదో గారడీ చేశాననుకుంటారు."

"నువ్వే చెప్పమ్మా. నీకు బాగా గుర్తుంటాయి" అన్నాడు బావమరిది.

ఆమె వాడి చెవి మెలిపెట్టి, జనం వైపు తిరిగారు. రాత్రి నేను విప్పి చెప్పినట్టే, ఫొటో ఆ రోజుల్లో గాజు పలక మీద ఉండేదనీ, అచ్చు వేసేటప్పుడు ఎవడో దాన్ని బోర్లా పెట్టేశాడనీ చెప్పారు. వీధంతా కుడి నుంచి ఎడమకు తిరిగింది. అక్షరాలు కూడా తిరగబడేసరికి వాడు గతుక్కుమన్నాడు. మళ్లీ అచ్చు వేయడానికి బద్ధకించి, కుంచె పట్టుకుని బోర్డుల వరకు సరిగ్గా రాసేశాడు. వీధిని మాత్రం అలాగే వదిలేశాడు.