ఖాళీ పెట్టెలో పదకొండు మంది

ఆ జంతు ప్రదర్శనశాలలో పులి దగ్గర జనం తోసుకుంటారు, కోతుల దగ్గర పిల్లలు ఊడిరారు. ఎడారి హాల్లో మాత్రం ఈగలు తోలుకోవడమే. అక్కడున్న వాళ్ల తరహా అలాంటిది మరి. జన్మలో గుక్కెడు నీళ్లు తాగకుండా ఎండు గింజలతోనే బతికే ఎలుక, పగలంతా బొరియ దాటి రాదు. ముళ్లమొక్క నీళ్లన్నీ ఒంట్లో దాచుకుని ఉలుకూ పలుకూ లేకుండా నిలబడుతుంది. చూడవచ్చిన వాళ్లు రెండు నిమిషాలు నిలబడి, "ఏమీ లేదిక్కడ, పదండి" అని వెళ్లిపోతారు.

ఏమీ లేదన్న మాట వింటే హాలు చూసుకునే మనిషికి ఒళ్లు మండిపోయేది. పద్దెనిమిదేళ్లుగా అదే హాలు. జేబుల్లో, చెప్పుల్లో, చివరికి టిఫిన్ డబ్బా మూతలో కూడా ఇసుకే కాబట్టి అందరూ ఆమెను ఇసుకమ్మ అనేవాళ్లు. ఆ పేరుకు ఆమె ఎప్పుడూ కోపం తెచ్చుకోలేదు.

ఇసుకమ్మ ప్రాణాలన్నీ మూలనున్న గాజు పెట్టె మీదే. దాన్నిండా మూరెడు లోతు ఇసుక. ఆ ఇసుక అడుగున పదకొండు ఎడారి కప్పలు. వానలు వెళ్లిపోగానే అవి వెనక కాళ్లతో తవ్వుకుంటూ లోపలికి దిగిపోతాయి. ఒంటి చర్మాన్ని పొరలు పొరలుగా విడిచి, దాన్నే సంచిలా చుట్టుకుని, తిండీ నీళ్లూ లేకుండా ఎనిమిది నెలలు పడుకుంటాయి. మళ్లీ వానలు మొదలవగానే ఇసుకమ్మ పూలమొక్కలకు నీళ్లు పోసే డబ్బాతో పెట్టెలో నీళ్లు చల్లుతుంది, అవి లేచొస్తాయి. పద్దెనిమిదేళ్లుగా తన డబ్బా నీళ్లే వాటిని లేపుతున్నాయని ఆమెకు లోలోపల గర్వం.

పోయిన ఏడు ఎంత చల్లినా అవి లేవలేదు. ఈ ఏడూ చల్లింది, ఒక్కటీ రాలేదు. ఇరవై నెలలయింది వాటి మొహాలు చూసి.

అలాంటి సమయంలో కొత్త అధికారి దిగాడు. ఏ గూడు దగ్గరికి వెళ్లినా జేబులోంచి టేపు తీసి కొలిచేవాడు కాబట్టి వారం తిరక్కుండానే టేపు సారు అయిపోయాడు. చెడ్డవాడేమీ కాదు, కంటితో చూడనిదేదీ నమ్మడు, అంతే.

"ఇందులో ఏమున్నాయమ్మా?" అన్నాడు పెట్టె పొడవు కొలుస్తూ.

"పదకొండు కప్పలు సార్. ఇసుక కింద పడుకున్నాయి."

"మీరు చూసి ఎన్నాళ్లయింది?"

"ఇరవై నెలలు సార్."

ఆయన టేపు చుట్టేశాడు. "ఓసారి తవ్వి చూపించండి."

"తవ్వితే ఆ చర్మపు సంచి చిరుగుద్ది సార్. ఒంట్లో తడంతా ఆరిపోయి చస్తాయి."

"తవ్వకపోతే ఉన్నాయని నాకెలా తెలుస్తుంది?"

నిజానికి ఆ సంగతి ఆమెకు మాత్రం ఏం తెలుసు?

"శుక్రవారం పదింటికి ఇసుక పారబోయించేస్తాను. ఆ మూలకి రంగుచిలకలు వస్తున్నాయి" అని వెళ్లిపోయాడాయన.

శుక్రవారం పొద్దున్న హాల్లో నిలబడలేక ఇసుకమ్మ లాండ్రీ గదికి వెళ్లి కూలబడింది. సిబ్బంది యూనిఫారాలు, జంతువుల ఆస్పత్రి దుప్పట్లు ఉతికే గది అది. దాన్ని చూసుకునేది ఆమె ఆడపడుచే. మొగుడికి అక్క, నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది.

"కప్పల కోసం ఏడ్చే మరదల్ని నేనెక్కడా చూళ్లేదమ్మా. నా తమ్ముడికి జొరమొస్తే ఇంత ఏడ్చావా?"

"ఆయన బతికున్నాడని తెలుస్తూనే ఉంటది కదా వదినా, మూలుగుతూనే ఉంటాడు. వీటి సంగతే తెలీట్లేదు. నేనే చంపుకున్నానేమో. ఏదో తప్పు చేసే ఉంటాను" అంది ఇసుకమ్మ, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ.

వదిన ఏదో అనబోయింది గానీ ఆ మాట వినపడలేదు. ఆ గదిలోని పాత మిషన్ దుప్పట్లు పిండడం మొదలుపెట్టింది. నేల అదిరింది, కిటికీ అద్దాలు గలగలలాడాయి, బల్ల మీది టీ కప్పు దానంతటదే అంచు దాకా నడిచింది. వదిన దాన్ని అలవాటుగా పట్టుకుని, అరిచింది.

"దీని దుంపతెగ! మీ హాలుకి పాత రేకులున్నప్పుడు వాన పడ్డట్టే ఉంటది దీని మోత!"

ఇసుకమ్మ ఏడుపు ఠక్కున ఆగిపోయింది.

రేకులు! పోయినేడు వానలకు ముందే రేకులు పీకేసి, హాలుకు మందపాటి కొత్త కప్పు వేశారు. ఇప్పుడు కుంభవృష్టి కురిసినా లోపల చీమ చిటుక్కుమనదు. రేకుల రోజుల్లో చినుకు పడితే హాలు హాలంతా దద్దరిల్లేది, ఆ రోజే తను డబ్బా పట్టుకునేది. మూరెడు లోతున పడుకున్నవాటికి పైన చల్లిన తడి ఏం తెలుస్తుంది? వాటిని లేపింది తన డబ్బా కాదు, నేల అదురు! పద్దెనిమిదేళ్ల గర్వం ఒక్క క్షణంలో గాలికి పోయింది. ఆమెకు అంత సంతోషం ఎన్నడూ కలగలేదు.

చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. అప్పటికే ఇద్దరు పనివాళ్లు పెట్టెను చక్రాల బండెక్కించి చెత్తకుప్ప వైపు తోస్తున్నారు.

"ఇటు తిప్పండి! లాండ్రీకి!"

"సారు చెత్తకుప్ప దగ్గరికన్నారక్కా..."

"సారుకి నేను చెప్పుకుంటా. తిప్పుతారా, నన్ను తొయ్యమంటారా?"

తిప్పారు. పెట్టెను మిషన్‌కు ఆనించి, చక్రాల కింద ఇటుకలు పెట్టారు. వదిన స్విచ్ నొక్కింది. ఇంతలో సంగతి తెలిసి టేపు సారు మొహం గంటు పెట్టుకుని వచ్చాడు.

"ఏమిటమ్మా ఇది?"

"వాన సార్" అంది ఇసుకమ్మ.

మిషన్ అదిరి అదిరి ఆగింది. ఇసుక ఎలా ఉన్నది అలాగే ఉంది. సారు గడియారం చూసుకున్నాడు.

"ఇది చాలదు" అంది వదిన. "దీన్ని నేనెరుగుదును. బరువంతా ఒక పక్కన వేస్తే గానీ దీనికి పూనకం రాదు." తడి దుప్పట్లన్నీ ఒకే వైపు కూరి, తలుపు వేసి, మళ్లీ తిప్పింది.

ఈసారి పిడుగులే పడ్డాయి. మిషన్ గంతులేసింది, గాజు పెట్టె గజగజలాడింది, సారు గోడ పట్టుకున్నాడు. ఇసుకమ్మ రెండు అరచేతులూ గాజుకు ఆనించి, "లేవండమ్మా, లేవండి, వాన పడుతోంది" అంటూనే ఉంది. మిషన్ ఆగింది.

ఇసుక మీద చిన్న పగులు వచ్చింది.

పగులు పక్కన చిన్న గుట్ట లేచింది. గుట్ట విచ్చుకుని, ఇసుక కారుతున్న రెండు కళ్లు బయటికొచ్చాయి.

"ఒకటి!" అని అరిచింది సాక్షాత్తూ టేపు సారే.

ఆ తర్వాత ఎక్కడ చూడాలో తెలియలేదు. ఈ మూల ఒకటి, ఆ మూల రెండు, చిరిగిన పాత చర్మాన్ని నోట్లో కుక్కుకుని మింగుతూ ఒకటి. సారు మోకాళ్ల మీద కూర్చుని లెక్కపెడుతున్నాడు. "తొమ్మిది... పది." ఆగాడు. "పదే ఉన్నాయే?"

"పదకొండు సార్. ఆగండి."

ఆగారు. సారు ఇక గడియారం చూడలేదు. చాలాసేపటికి గాజు పక్కనే, సరిగ్గా ఇసుకమ్మ అరచేయి ఆనిన చోట, అన్నిటికన్నా చిన్నది, ఎముకల గూడులా చిక్కిపోయి, పైకి తోసుకొచ్చింది.

"వదినా, బేసిన్! సబ్బంటని బేసిన్!"

నీళ్లు పెట్టారు. పదకొండూ దిగాయి. కప్పలు నోటితో తాగవు, పొట్ట ఆనించి ఒంటితోనే పీల్చుకుంటాయి. కళ్లు మూసుకుని, ఇరవై నెలల దాహం తీరేదాకా అలా కూర్చున్నాయి. ఇసుకమ్మ కళ్ల వెంట నీళ్లు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు ఆమెకు.

ముందు ఒకటి గొంతు విప్పింది. ఆ వెంటనే మిగతావి అందుకున్నాయి. ఇంతింత కప్పలకు అంత గొంతెక్కడిదో గానీ, పులి గూడు దగ్గరున్న జనం సైతం ఇటు తిరిగి పరుగెత్తుకొచ్చి లాండ్రీ కిటికీలకు అతుక్కుపోయారు.

"చిలకల్ని ఇంకెక్కడైనా పెట్టిస్తాలెండి!" అని కేకేశాడు సారు, ఆ గోలలో వినపడక చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుంటూ. "ఇవెప్పుడూ ఇంత అల్లరి చేస్తాయా అమ్మా?"

"ఇరవై నెలలు నోరు మూసుకున్నాయి సార్! కాసేపు అరవనివ్వండి!" అని అంతకన్నా గట్టిగా అరిచింది ఇసుకమ్మ.