కాలువ లేని రోడ్డు

రెండు వేల ఒకటో సంవత్సరం అక్టోబరు వానకు మదనపల్లె మగ్గాల వీధిలో నారాయణస్వామి ఇంట్లోకి నీళ్లు దూరాయి. మగ్గం కింద కాళ్లు ఆడించే గుంత నిండిపోయింది. మీదున్న పట్టు పడుగు దారాలు తడిసి, ఎరుపు రంగు పసుపులోకి దిగింది. ఆయన గుంతలో మొలలోతు నీళ్లలో నిలబడి దోసిళ్లతో తోడిపోస్తున్నాడు. చెంబు తెచ్చుకోవాలని కూడా ఆయనకు తోచలేదు.

ఎదురింటి బయ్యమ్మ గడపలో నిలబడి చూసింది. ఆమె మగ్గం గుంతలోనూ నీళ్లే.

ఆమె ఇన్నేళ్ల కాపురంలో వాన నీళ్లు ఆ వీధిలో గడప దాటి ఎరగవు. ఆ వేసవిలో కంట్రాక్టరు గంగాధర్ పాత రోడ్డును తవ్వకుండా దాని నెత్తినే సిమెంటు పోశాడు. రోడ్డు గడపలకన్నా ఎత్తయింది. పక్కన కాలువ లేదు. వీధి చివర ఒకప్పుడు వంక పారేది. ఆ వంక మీద గంగాధర్ బావమరిది కల్యాణ మండపం కట్టుకున్నాడు. కాలువ తీస్తే నీళ్లు నేరుగా మండపంలోకి పోతాయి. అందుకే కాలువ మాటే ఎత్తలేదు.

బయ్యమ్మకు యాభై దాటాయి. గుంతలో కాళ్లు ఆడించి ఆడించి మోకాళ్లు పట్టేశాయి. పట్టు ధర పెరిగిందని ఊరేగింపు, కరెంటు లేదని ధర్నా. ఆమె ఎక్కని ఆఫీసు మెట్లు లేవు. గొంతు అరిగిందే గానీ అడిగింది దక్కడం తక్కువ.

ఆదివారం చౌడమ్మ గుడి ముందర వీధి జనం చేరారు.

"ఇంకో అర్జీ పెడదాము," అన్నాడు చేనేత సంఘం పెద్ద ముద్దుకృష్ణ.

"ఎన్ని పెట్టినాము మామా? వాన ఆగుతుందా అర్జీకి?" నారాయణస్వామి కూతురు హరిత లేచింది. కాలేజీలో చదువుతోంది. "రోడ్డు కోసి మనమే నీళ్లకు దోవ ఇద్దాము."

"మా ఎగువ ఇండ్లకు నీళ్లు రాలేదు గదమ్మా," అంది తిమ్మక్క. "మా మనమరాలికి పెండ్లిసూపులు ఉండాయి. కారు వచ్చే రోడ్డును ఎవురన్నా తవ్వుకుంటారా?"

గోల లేచింది. దిగువ వాళ్లు ఒక పక్క, ఎగువ వాళ్లు ఒక పక్క. బయ్యమ్మ కూర్చున్నచోటే అంది: "నాకూ ఓపిక లేదు తిమ్మక్కా. కొట్లాటంటే ఒళ్లు బరువెక్కుతాది. కానీ మగ్గం నీళ్లలో ఉంటే నేనేం తిని బతికేది?"

తిమ్మక్క చేయి కలపలేదు.

ఆఖరిసారి అడుగుదామని బయ్యమ్మా దిగువ వాళ్లూ మున్సిపల్ ఆఫీసుకు పోయారు. ఇంజనీరు తల ఎత్తలేదు. "ప్లానులో కాలువ లేదమ్మా."

"ప్లాను గీసేటప్పుడు మా వీధిలో ఎవుర్ని అడిగినారు సారూ?" అంది బయ్యమ్మ.

"అందరినీ అడిగి గీస్తారా?" అని ఆయన భోజనానికి లేచాడు.

మళ్లీ వాన పట్టిన పొద్దున నారాయణస్వామి గడ్డపార తీసుకుని రోడ్డు మధ్యలో దిగాడు. మొదటి దెబ్బ ఆయనే వేశాడు. వెనకే ముద్దుకృష్ణ, హరిత, పారలతో ఆడవాళ్లు. బయ్యమ్మ సిమెంటు పెళ్లలు ఎత్తి పక్కన పడేసింది. అడ్డంగా కోత పడగానే నీళ్లు గడపలొదిలి మండపం వైపు ఉరికాయి. జనం కేకలు వేశారు.

గంగాధర్ పోలీసులతో వచ్చాడు. దొరికినవాళ్లను దొరికినట్టే వ్యానులోకి తోశారు. బయ్యమ్మను ఎవరూ తోయనక్కరలేకపోయింది. తడిసిన చీరతో తనే ఎక్కి కూలబడింది.

బెయిలు మీద తిరిగొచ్చేసరికి కోతలో సిమెంటు పూడ్చేసి ఉంది. బయ్యమ్మ గడపలో కూర్చుని ఆ కొత్త మచ్చనే చూసింది. ఏడుపూ రాలేదు, కోపమూ రాలేదు.

సాయంత్రం గొర్రెలోళ్ల కాలనీ నుంచి బాలప్ప, కొందరు ఆడవాళ్లూ వచ్చారు. కురబలకోట వైపు నుంచి వచ్చి ఊరి చివర గుడిసెలేసుకున్నవాళ్లు.

"అక్కా, మా కాడ రేపు రోడ్డు పోస్తారంట. ఆ కంట్రాక్టరే. నువ్వొచ్చి రెండు మాటలు సెప్పల్ల."

"ఏం సెప్పేదప్పా? మా కాలువే మేం తీపించుకోలేకపోతిమి."

"యాడ ఓడినారో అదే సెప్పక్కా. మేము ఆడ జాగ్రత్త పడతాము."

ఆ రాత్రి బయ్యమ్మ మోకాళ్లకు ఆముదం రాసుకుని పడుకుంది. పొద్దున్నే బయలుదేరింది. పక్కన హరిత నడిచింది, వెనక దిగువ ఇండ్లవాళ్లు వచ్చారు. వీధి మలుపులో తిమ్మక్క చెప్పులేసుకుని నిలబడి ఉంది. వాళ్లు దగ్గరికి రాగానే తనూ నడక కలిపింది.

కాలనీలో కంకర కుప్పలు పోసి ఉన్నాయి. బయ్యమ్మ జనానికి చెప్పింది: "మేము రోడ్డు పోసినాక తవ్వితిమి. మీరు పొయ్యకముందే ఆపండి. నీళ్లు యాడికి పోవల్లో మీరే సూపించండి, ఆ తర్వాతే రోడ్డు." చెప్పి కంకర కుప్ప మీద కూర్చుంది.

సిమెంటు లారీ వచ్చి ఆగింది. గంగాధర్ దిగాడు. "మళ్లా నువ్వేనా? లెయ్యమ్మా, పని కావల్ల."

"నిలబడే ఓపిక లేదప్పా నాకు. కూసునే ఓపిక శానా ఉండాది."

బాలప్ప భార్య వచ్చి పక్కన కూర్చుంది. తర్వాత తిమ్మక్క. తర్వాత కాలనీకి కాలనీ.

"ముందు కాలువ!" హరిత అరిచింది.

"తర్వాతే రోడ్డు!" కంకర కుప్పలు బదులిచ్చాయా అన్నట్టు అన్ని గొంతులూ లేచాయి.

లారీ డ్రైవరు కాసేపు హారన్ కొట్టి, ఇంజను ఆపేశాడు. సందు చివర పోలీసు జీపు చప్పుడు వినిపించింది. బయ్యమ్మ కాస్త జరిగి, ఇంకా వస్తున్న వాళ్లకు చోటిచ్చింది.