మంత్రిగారి మొహం

పొద్దు వాలేవేళకు మా వీధిలో గాలి కూడా శ్రుతి కలిసినట్టు ఉంటుంది. రాజధాని నడిబొడ్డున ఉన్నా, వాద్యాలు చేసే దుకాణాలు తప్ప వేరే వ్యాపారం లేని వీధి మాది. ఒకచోట తీగ బిగిస్తుంటే ఎదుటి దుకాణంలో డోలు చర్మం తట్టి చూస్తుంటారు. ఆ చప్పుళ్ళ మధ్య నడుస్తుంటే నిద్రలో నడుస్తున్నట్టే ఉంటుంది. వీధి చివర ఒక రాతిమనిషి కూర్చుని ఉంటాడు. మూడు వందల ఏళ్ళ కిందట వాద్యకారుల్ని రప్పించి ఈ వీధి కట్టించిన మంత్రిగారాయన.

మొహం మాత్రం మా తాతయ్యది.

మంత్రిగారు ఎలా ఉండేవారో తాతయ్య రోజుల్లో ఎవరికీ తెలియదు. విగ్రహం చెక్కడానికి వచ్చిన శిల్పి మా మేడమీద గదిలో అద్దెకుండేవాడు. కింద వీణలు బాగుచేసుకుంటున్న తాతయ్యను చూసి, "మంత్రికి ఉండాల్సిన ముక్కు మీకుంది, వచ్చి కూర్చోండి" అన్నాడట. ముక్కు సంగతేమో గానీ, ఇంట్లో మంత్రాంగమంతా అమ్మమ్మదే.

తాతయ్య పోయి చాలా కాలమైంది. ఉన్న ఒక్క పెళ్ళిఫోటోలోనూ సరిగ్గా అప్పుడే తల తిప్పాడు మహానుభావుడు. మొహం ఉండాల్సిన చోట పొగలాంటి మసక. అందుకే అమ్మమ్మ రోజూ సాయంత్రం విగ్రహం ఎదుటి బల్ల మీద కూర్చుని, ఆ రోజు కబుర్లన్నీ ఆయనకు చెబుతుంది. చూడవచ్చినవాళ్ళు ఆవిడకు చరిత్రంటే ఎంత భక్తో అనుకుంటారు.

ఈమధ్య ఏదో పాత భవనంలో మంత్రిగారి అసలు చిత్రం దొరికింది. గుండ్రటి మొహం, చప్పిడి ముక్కు. విగ్రహం తల విడిగా చెక్కి అతికించిందే కాబట్టి, దాన్ని మార్చేద్దామని నగర చరిత్ర సంఘం తీర్మానించింది. నాకు ఒళ్ళు మండి అధ్యక్షుడి దగ్గరికి వెళ్ళాను.

"ఇన్నేళ్ళు ఆగిన మనిషి, మా అమ్మమ్మ ఉన్నన్నాళ్ళు ఆగలేడా సార్?"

"నిజం తెలిశాక కూడా పిల్లలకి వేరే మనిషిని చూపించమంటావా అమ్మా?"

"పోనీ, తీసిన తల మాకిచ్చెయ్యండి."

"అది ప్రభుత్వ ఆస్తి. గిడ్డంగికి పోవాల్సిందే."

ఆయన మాటల్లో తప్పేమీ లేదు. దాంతో నా కోపం రెట్టింపైంది.

అమ్మమ్మకు చెప్పడానికి నోరు రాక నసుగుతుంటే ఆవిడే అంది: "తెలుసులేవే. వీధంతా కోడై కూస్తుంటే నాకు చెవుల్లేవా?" ఆ వెంటనే, "ఆయన మళ్ళీ పోతున్నాడు, అంతే" అంది. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ మాత్రం ఏడవలేదు.

కొత్త తల పెట్టిన మర్నాడు తెల్లవారగానే, "నన్నక్కడికి తీసుకెళ్ళు" అంది. వీధంతా మంచు. ఎవరో ఒకే తీగను మళ్ళీ మళ్ళీ మీటుతున్నారు. మంచులోంచి ముందు పాదాలు, తర్వాత మోకాళ్ళు, చివరికి ఆ కొత్త మొహం కనిపించాయి. హాయిగా భోంచేసి కూర్చున్న పెద్దమనిషిలా ఉన్నాడు. అమ్మమ్మ చాలాసేపు తలెత్తి చూసింది. తర్వాత నా భుజం పట్టుకుని, పనివాళ్ళు వదిలేసిన చెక్క మెట్లెక్కింది.

మంత్రిగారి కుడిచెయ్యి మోకాలి మీద వెల్లకిలా ఉంది. బొటనవేలు బయటికి వంగి ఉంది. వీణ తీగలు బిగించే బిరడాలు తిప్పీ తిప్పీ వంగిన వేలది. ఆ శిల్పి విగ్రహానికి చేతులు కూడా తాతయ్యవే చెక్కాడు! సంఘంవాళ్ళూ చూసుకోలేదు, మేమూ చూసుకోలేదు.

"పిచ్చిదాన్ని. ఇన్నేళ్ళూ మొహమే చూస్తూ కూర్చున్నాను" అంటూ అమ్మమ్మ ఆ అరచేతిలో తన చెయ్యి పెట్టింది.

ఒక్కొక్క దుకాణమే తెరుస్తున్నారు. "అమ్మమ్మా, దిగు. అందరూ చూస్తున్నారు."

"చూడనీ. కాపురం చేసినన్నాళ్ళూ ఈ వీధిలో ఒక్కనాడైనా నా చెయ్యి పట్టుకున్నాడా ఈ మనిషి? ఎవరైనా చూస్తారని విదిలించుకునేవాడు" అంది అమ్మమ్మ, పట్టు ఇంకాస్త బిగించి. "ఇప్పుడు విదిలించుకోమను, చూస్తాను."