బల్లెక్కిన ఎత్తు చెప్పు

నేను ఒక ఎత్తు చెప్పును. ఎడంకాలిదాన్ని. పొట్టిగా ఉన్న కాలికి సాయంగా, అడుగున నాలుగువేళ్ల మందాన బెండు ముక్కలు అంటించి, పక్కన బకిలీ పెట్టి నన్ను తయారుచేశారు. కుడికాలికి మామూలు చెప్పు. ఆవిడగారికి బరువూ లేదు, బాధ్యతా లేదు. మోతంతా నాదే.

మొదట నన్ను తొడుక్కున్నది బొబ్బిలిలో ఒక కండక్టరుగారమ్మాయి. పాదం ఎదిగాక, ఇక పట్టదని నన్ను తయారుచేసిన ఆస్పత్రిలోనే తిరిగి ఇచ్చేసింది. అక్కడివాళ్లు కొత్త పట్టీ వేసి దమయంతి కాలికి తగిలించారు. అప్పటినుంచీ ఈ పిల్లను మోస్తూనే ఉన్నాను. మనుషులకు కోపమొస్తే ముందు గుర్తొచ్చేది చెప్పే. కాలు నొప్పెడితే తిట్టేదీ చెప్పునే. పోనీలెండి, అలవాటైపోయింది.

దమయంతిది ఏడో తరగతి. మిగతా పిల్లల చెప్పులన్నీ గది గుమ్మం బయట హాయిగా కునుకు తీస్తాయి. నాకా భాగ్యం లేదు. నేను లేనిదే ఆ పిల్ల నడవలేదని నన్ను లోపలికి రానిచ్చారు. కానీ తనకు నేనంటే సిగ్గు. అందరికంటే ముందొచ్చి కూర్చుని పైజమా అంచు నామీదికి లాక్కునేది. అందరూ వెళ్లాకే లేచేది. నన్నెవరూ చూడకూడదు, అంతే. అందుకోసం ఎన్ని తంటాలు పడేదో నాకు తెలుసు.

ఒకనాడు డ్రాయింగు మాస్టారు వరహాలుగారు పిల్లలకు చెప్పారు. "కదలకుండా ఉండే వస్తువుని ఎదురుగా పెట్టుకుని, చూసి గియ్యడం నేర్చుకుందాం. ఏది లేకపోతే మీకు రోజు గడవదో, అది తెచ్చుకోండి."

మర్నాడు వాచీలొచ్చాయి, పెన్నులొచ్చాయి. ఒకడు కోడిపెట్టను తెచ్చాడు. అది కదలకుండా ఉంటే ఇంకేం! దమయంతి పిన్నిగారింట్లోంచి ప్లాస్టిక్ బొమ్మను అరువు తెచ్చి ఎదురుగా నిలబెట్టింది.

మాస్టారు వచ్చి చూశారు. "ఈ బొమ్మ లేకపోతే నీకు రోజు గడవదేటమ్మా?"

"గడుస్తాదండి," అంది చిన్నగా.

ఆయన పక్క బల్ల దగ్గరికి వెళ్లిపోయారు.

దమయంతి బొమ్మను సంచిలో పెట్టేసింది. తర్వాత చెయ్యి కిందికి దించి నా బకిలీ విప్పసాగింది. వద్దు తల్లీ, అనుకున్నాను. నాకూ భయమేసింది. నన్నెత్తి బల్లమీద పెట్టింది.

పక్కన కూర్చునే అప్పలకొండ లేచి నిలబడింది. "మాస్టారండీ, ఇది సెప్పు బల్లమీదెట్టీసిందండి."

గదంతా ఇటు తిరిగింది. పుస్తకాలుండే చోట చెప్పు! ఇంట్లో అయితే వీపు విమానం మోత మోగేది. దమయంతి తల వంచుకుంది.

మాస్టారు జేబురుమాలు తీసి బల్లమీద పరిచారు. రెండు చేతులతో నన్నెత్తి దానిమీద పెట్టి, పక్కకు తిప్పారు. "ఇలా పక్కనుంచి చూడమ్మా. ఎత్తంతా కనపడాలి."

దమయంతి మొదట నా అడుగు పల్చగా గీసింది, మామూలు చెప్పులాగా. నావైపు చూసింది. చెరిపేసింది. ఈసారి మందమంతా గీసింది, అరిగిపోయిన మడమతో సహా. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

భోజనం గంట కొట్టినా బొమ్మ పూర్తికాలేదు. తొడుక్కుందామని నన్ను తియ్యబోతే అప్పలకొండ చెయ్యి పట్టుకుంది. "కదపకే, మల్లీ అలాగ కుదర్దు. నా బుజం పట్టుకో, పోదుం."

దమయంతి లేచింది. అప్పలకొండ భుజం పట్టుకుని, ఒంటికాలిమీద గెంతుకుంటూ అందరి మధ్యనుంచీ వరండాలోకి వెళ్లింది. అందరూ చూశారు. చూస్తే చూడనీ అన్నట్టు వెళ్లింది. నేను బల్లమీదే ఉండిపోయాను. ఇన్నేళ్లకు ఆ పూట కాస్త నడుం వాల్చాను.