ఏసీ వెనక థర్మామీటరు

"మన నివేదికకి ఆమోదం వచ్చేసింది!" అని పెద్దసారు కేకేసేసరికి ఆమె ఆఫీసు కుర్చీలోనే కునికిపాట్లు పడుతోంది. ఆ కొత్త పెళ్లికూతురి కళ్లకింద నల్లచారలు తెప్పించిన నివేదిక అది. వాతావరణం మారుతున్నకొద్దీ ఏ ఊళ్లో ఎండలు ఎంత ముదిరాయో లెక్కగట్టి, నీళ్లూ నీడా ముందు ఎవరికి ఏర్పాటు చెయ్యాలో తేల్చే పని. రైలుకట్ట పక్కనున్న చిన్న ఊరు అందులో మొదటి స్థానంలో నిలిచింది.

"ఇంటికెళ్లి పడుకో తల్లీ. రేపట్నుంచి నీకు సెలవు."

సెలవు! చక్కెర వెయ్యడం మరిచిన టీ కూడా ఆమెకు తియ్యగా తోచింది. ఆ ఊళ్లో రోజూ థర్మామీటరు చూసి అంకెలు పంపే పెద్దాయనకు వెంటనే ఫోన్ చేసింది.

"మీ ఊరే మొదటిది బాబాయ్!"

"చల్లని మాట చెప్పావమ్మా. మా గదీ చల్లగానే ఉందిలే. రెండేళ్లయింది ఏసీ బిగించి. లోపల హాయి, గోడవతల మాత్రం కొలిమే."

"గోడవతలంటే... మన థర్మామీటరు పెట్టె ఉన్న వైపా?"

"ఇంకెక్కడుంది చోటు? వేడంతా దాని మొహానే కొడుతుంది."

రెండేళ్లుగా వచ్చిన అంకెల్లో ఎండతోపాటు ఏసీ వేడీ కలిసిందని చెప్పడానికి ఆమె సారు దగ్గరికి పరిగెత్తింది.

సంగతి విని సారు కళ్లజోడు తీసి మొహం రుద్దుకున్నాడు. "ఒక్క ఊరేగా. అందరం అలిసిపోయాం. వదిలెయ్యకూడదూ?"

"నాకూ వదిలెయ్యాలనే ఉంది సార్. కానీ రెండో ఊరివాళ్ల వంతు ఏసీకి పోతుంది. వాళ్లు ఎండకి మాడతారు."

సారు కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. "సరే, ఆమోదం ఆపమని నేనే రాస్తా. ఆ పెట్టె చోటు మార్పించు. రెండేళ్ల అంకెలూ చుట్టుపక్కల ఊళ్లతో పోల్చి మళ్లీ లెక్కగట్టు. సెలవు సంగతి ఇక..."

"హుళక్కేగా సార్."

ఇంట్లో ఆయనగారు, ఆమెకు సెలవు దొరకగానే ఇద్దరూ వెళ్దామనుకున్న ప్రయాణానికి కొన్న కొత్త టోపీ పెట్టుకుని అద్దం ముందు తిరుగుతున్నాడు.

"ఎలా ఉన్నానోయ్?"

"చేలో దిష్టిబొమ్మలా." నవ్వబోయి, అతని పక్కన కూలబడి అంతా చెప్పింది. "తిట్టండి. వింటాను."

"రెండు సంచులు సర్దాను. తిట్టే ఓపిక ఎక్కడిది?" టోపీ తీసి పక్కన పెట్టాడు. "అయితే పెళ్లయ్యాక మనం చూడబోయే మొదటి వింత ఏసీ వీపన్నమాట."

"మనమా?"

"మనమే. రేపు మొదటి బస్సుకి ఇద్దరం వెళ్తున్నాం. చోటు నువ్వు చూపించు, పెట్టె నేను మోస్తా. బస్సులో మాత్రం లెక్కలు తియ్యకు, నా భుజమ్మీద పడి నిద్రపో."